రెండో ఎర్ర ఇంజను

ఇంజన్ బొమ్మలు పోగుచేయడం మొదలుపెట్టేనాటికి నాకు ఇరవై ఏడేళ్లు. చండ్రుగొండలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. పెళ్లి కాలేదు, చేసుకోవాలన్న తొందరా లేదు. ఈ మూడింట్లో మా అమ్మ నలుగురిలో చెప్పుకోగలిగింది ఉద్యోగం ఒక్కటే. ఎవరైనా గూట్లో వరసగా ఉన్న బొమ్మల్ని చూసి అడిగితే బడి పిల్లల కోసమని చెప్పేది. నేను పక్క గదిలోంచి, కాదు, నా కోసమే అనేదాన్ని. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆమె నన్ను అన్నన్నిసార్లు లోకంలో ఏ తల్లీ ఏ కూతుర్నీ అని ఉండదు.

తొంభైల మొదట్లో ఆదివారం పొద్దున టీవీలో ఒక పిల్లల సీరియల్ వచ్చేది. కొండల్లో ఏదో చిన్న రైల్వే లైను, దాని మీద మాట్లాడే ఇంజన్లు. మాటలన్నీ హిందీ. మేం కిరాయికున్న ఇంటివాళ్ల టీవీ ముందు వాళ్ల ముగ్గురు పిల్లలూ నేనూ చాప మీద కూర్చుని చూసేవాళ్లం. ఇంజన్ల అసలు పేర్లు మా నోళ్లకు పట్టేవి కావు. అందుకని వరసలు కలిపేసుకున్నాం. అలిగి షెడ్డులోంచి బయటికి రానిది అల్లుడు. అందరి పనికీ వంకపెట్టేది అత్త. నీళ్లకోసం ప్రతి స్టేషన్లోనూ ఆగేది పెద్దనాన్న. ఒకే పోలికతో ఉండే రెండు ఇంజన్లు అక్కాచెల్లెళ్లు. వాటిని గొంతు బట్టి గుర్తుపట్టాల్సిందే తప్ప చూస్తే తెలిసేది కాదు, ఎందుకంటే ఆ టీవీ బ్లాక్ అండ్ వైట్.

ఆ సీరియల్ నాకెందుకంత నచ్చిందో ఇప్పుడైతే చెప్పగలను. అందులో ఎవరేం తప్పు చేసినా అరగంటలోపు బయటపడేది, దిద్దేవాళ్లు. మా బడిలో తప్పులకు అంత తొందరగా మోక్షం ఉండేది కాదు.

మొదటి బొమ్మ మా అన్న తెచ్చాడు. అన్న గూడ్సు బండి డ్రైవరు. కొత్తగూడెంలో, భద్రాచలం రోడ్ అని బోర్డున్న స్టేషన్ పక్కన, రైల్వే క్వార్టర్లో వదినతో ఉండేవాడు. బొగ్గు బండి తీసుకుని డోర్నకల్, ఖమ్మం, మధిర మీదుగా విజయవాడ వెళ్లి, అక్కడ డ్రైవర్ల గదిలో కునుకు తీసి, ఇంకో బండితో తిరిగొచ్చేవాడు. విజయవాడలో ఒక దుకాణం అద్దాల వెనక మా సీరియల్ ఇంజన్ కనిపించిందట. నన్ను వెక్కిరించడానికే కొన్నాడు. తాను పెద్దది నడుపుతాడట, నేను చిన్నది నడుపుకోవాలట. వెక్కిరింపు సంగతేమోగానీ నాకు ఆ బొమ్మ వదలబుద్ధి కాలేదు.

అరచేతిలో ఇమిడేంత ఉండేది. పోతపోసిన లోహం, ఆ సైజుకు మించిన బరువు. చక్రాలు నిజంగా తిరిగేవి. ముందువైపు కళ్లూ మూతీ ఉండేవి. అన్నిటికన్నా నన్ను పట్టేసింది రంగు. రెండేళ్లుగా బూడిద రంగులో చూస్తున్న అత్త ముదురు నీలం అని బొమ్మ చేతికొచ్చాకే తెలిసింది. ఇంటివాళ్ల పిల్లలు నమ్మలేదు, దుకాణంవాడు ఇష్టమొచ్చిన రంగు వేశాడన్నారు. ఒక్కో ఇంజన్ వస్తుంటే ఒక్కో మనిషి అసలు మొహం తెలిసినట్టుండేది.

ఏడాదిన్నరలో ఎనిమిది చేరాయి. అట్టపెట్టె మీద తొమ్మిది బొమ్మలు అచ్చువేసి ఉండేవి కాబట్టి నాకు తొమ్మిదీ కావాలి. మిగిలింది అక్కాచెల్లెళ్లలో చెల్లెలు. అక్క ఎర్రది, నా దగ్గరుంది. చెల్లెలు ఆకుపచ్చ. రెండింటి అచ్చూ ఒకటే, రంగు తప్ప మరే తేడా లేదు. అన్నకు కాగితం మీద రాసి మరీ ఇచ్చాను.

అన్న ఎర్రది తెచ్చాడు.

నేను చెప్తే నవ్వి, దుకాణంవాడు తప్పు ఇచ్చి ఉంటాడు, మార్పిస్తానన్నాడు. పక్షం రోజుల తర్వాత మార్పించానని కబురు పంపితే, ఆదివారం సీరియల్ కూడా మానుకుని బస్సెక్కి కొత్తగూడెం వెళ్లాను. పెట్టె విప్పితే మళ్లీ ఎర్రదే. నాకు తిక్క రేగింది. చూసుకుని తీసుకోవా అన్నాను. దుకాణంలో రెండు రంగులూ పక్కపక్కన పెట్టించుకుని, తానే ఏరి మరీ తీసుకున్నానన్నాడు. అన్నకు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాకూ అంతే, ఒకే ఇంట్లో పుట్టాం.

తప్పు చూపించాలంటే పక్కన ఒప్పు పెట్టాలని నా వృత్తి నేర్పింది. అందుకే బయల్దేరేటప్పుడే నా దగ్గరున్న ఎర్ర ఇంజన్‌ను సంచిలో వేసుకొచ్చాను. రెండింటినీ ముక్కాలి పీట మీద పక్కపక్కన పెట్టాను. అన్న వాటిని కాసేపు చూశాడు. తర్వాత ఒకదాని మీద వేలు పెట్టాడు.

"గిది రెడ్, గిది గ్రీన్. నీకు కనవడ్తలేదా ఏంది?"

రెండూ కుంకుమ రంగులో ఉన్నాయి. మొదట వేళాకోళం అనుకున్నాను. కానీ అన్న మొహంలో వేళాకోళం లేదు, పట్టుదల ఉంది. పీట పక్కనే వదిన చాటలో మిరపకాయలు ఆరబోసింది. అప్పటికి సగం పండినవి, మధ్యలో పచ్చివి ఇంకా చాలానే ఉన్నాయి. ఇందులో పచ్చివి ఏరి ఇవ్వు అన్నాను. అన్న చెయ్యి చాట మీదికి వెళ్లి ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్క కాయనూ వేళ్లతో నొక్కి, గట్టిగా తగిలినవి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కటీ చూసి ఏరలేదు. పండినా మెత్తబడని ఎర్రటి కాయలు మూడు కూడా ఆ కుప్పలో పడ్డాయి.

నాకు అర్థమైంది. అన్నకు కూడా నాకు తెలిసిపోయిందని తెలిసింది. వదిన పెరట్లో బట్టలుతుకుతోంది, ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. అన్న గొంతు తగ్గించి చెప్పాడు.

ఏడు నెలల కిందట దగ్గు పట్టుకుందట. రైల్వే దవాఖానకు పోకుండా ఖమ్మంలో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటే క్షయ అన్నాడట. రైల్వేకు తెలిస్తే ఇంజన్ మీంచి దింపేస్తారు, నలుగురికీ తెలిస్తే ఇంటికి రావడం మానేస్తారు. కాబట్టి వదినకు తప్ప ఎవరికీ చెప్పకుండా మందులు మింగుతున్నాడు. దగ్గు తగ్గింది. కానీ మూడో నెల నుంచి ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే మట్టిరంగులా కనిపిస్తున్నాయి. ఈ రంగుల సంగతి వదినకూ చెప్పలేదు.

మరి బండి ఎలా నడుపుతున్నావని అడిగాను. పగలు ఇబ్బంది లేదన్నాడు. ఆ లైనులో అప్పటికింకా చాలా చోట్ల చెయ్యి సిగ్నళ్లే ఉండేవి. స్తంభానికి ఉన్న రేకు చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, దిగితే పోవాలి. రంగుతో పని లేదు. చీకటి పడితే మాత్రం చెయ్యి కనిపించదు, దీపం ఒక్కటే కనిపిస్తుంది, ఎర్రగానో ఆకుపచ్చగానో.

ఆ చీకటిని ఎలా దాటుతున్నాడో కూడా చెప్పాడు. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరుంటారు. ప్రతి సిగ్నల్‌నూ ఎవరికి వాళ్లు సొంతంగా చూసి, రంగు పైకి అరిచి చెప్పాలని నియమం. ఒకరి కన్ను పొరపడితే రెండో కన్ను ఆదుకుంటుందని అలా పెట్టారు. అన్న అసిస్టెంటు అరిచేదాకా ఆగి, అదే మాట తాను మళ్లీ అరుస్తున్నాడు. నాలుగు నెలలుగా ఆ బొగ్గు బండ్లన్నీ రాత్రిళ్లు ఒక జత కళ్లతోనే విజయవాడ చేరుతున్నాయి. రెండో జత ఉందని మాత్రం అందరూ అనుకుంటున్నారు.

సెలవు పెట్టమన్నాను. జబ్బని సెలవు పెడితే రైల్వే డాక్టరు ముందు నిలబడాలి, ఎక్స్‌రే తీస్తారు, అంతా బయటపడుతుందన్నాడు. ఇంకో రెండు నెలల్లో మందులు అయిపోతాయట. అసిస్టెంటు కళ్లు మంచివట. ఆ రోజు సాయంత్రం ఆరింటికి డ్యూటీ ఉంది. ఈ ఒక్క రోజుకు మానుకోమని ఎన్ని విధాల చెప్పినా వినలేదు.

"మా అసిస్టెంట్ నిద్రపోడు. నువ్వు నీ బడి చూస్కో" అన్నాడు.

వదిన టీ ఇచ్చింది. తాగాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. భయం మాత్రం గుర్తుంది. ఆ భయం అన్న గురించా, మధిర దగ్గర రైల్వే గేటు తెరుచుకుంటుందని ఎదురుచూస్తుండే మనుషుల గురించా అంటే చెప్పలేను. బస్సుకు వేళయిందని లేచాను. బస్టాండు దాకా వెళ్లి, చండ్రుగొండ బస్సు నిలబడి ఉంటే ఎక్కకుండా, వెనక్కి తిరిగి డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ఆఫీసుకు వెళ్లాను.

లోపల పెద్దాయన ఒకాయన ఉన్నాడు. చెప్పాల్సింది రెండు వాక్యాలే. చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, మీరు ఆయనకేమవుతారని అడిగాడు. చెల్లెల్ని అన్నాను. రాసిచ్చి సంతకం చేయమన్నాడు. నా దస్తూరి బాగుంటుందని బడిలో పేరు. ఆ కాగితం మీద కూడా బాగానే ఉంది. అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం బండిని ఇంకెవరో తీసుకెళ్లారు. మర్నాడు అన్నను పరీక్షలకు పంపారు. రంగు చుక్కల్లో దాగిన అంకెలు చూపిస్తే ఒక్కటీ చదవలేకపోయాడట. రోగం దాచాడని విచారణ జరిగింది. ఉద్యోగం పోలేదుగానీ ఇంజన్ పోయింది. ఆఫీసులో ఒక బల్ల ఇచ్చి, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో రాసే పని అప్పగించారు.

నెల తర్వాత వదిన మా బడికి వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా వరండాలో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఖమ్మం డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారట. ఆ మందుల్లో ఒక బిళ్ల కొందరికి కళ్ల మీదికి వస్తుందట. చూపు తేడా వస్తే వెంటనే చెప్పాలని మొదటి రోజే చెప్పాడట, అన్న చెప్పలేదు. ఇప్పుడు ఆ ఒక్క బిళ్లా ఆపించాడు. కొన్ని నెలల్లో రంగులు తిరిగొస్తాయన్నాడట.

"నాకు ఒక్క మాట చెప్తే ఏమైతుండె? పెరట్లనే ఉంటి గద. రెండు రోజులు ఇంట్ల కూసోబెట్టి ఖమ్మం తీస్కపోకపోతుంటినా?"

గోటితో పోయేదానికి గొడ్డలి వాడానని ఆమె అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. పెరట్లో బట్టల చప్పుడు వింటూ కూడా ఆమె నాకు ఎందుకు తట్టలేదని చాలా ఏళ్లు ఆలోచించాను. తప్పు కనబడితే పెద్ద మాస్టారికి చెప్పాలని పిల్లలకు రోజూ నేర్పే మనిషిని. ఇంట్లోవాళ్లకు చెప్పొచ్చని ఎవరికీ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. డాక్టరు చెప్పినట్టే ఆరు నెలలకు అన్నకు రంగులు తిరిగొచ్చాయి. కానీ ఒకసారి దించిన మనిషిని, అందులోనూ రోగం దాచిన మనిషిని, మళ్లీ బొగ్గు బండి ఎక్కించలేదు.

అన్న నాతో నాలుగేళ్లు మాట్లాడలేదు. పండక్కి వెళ్తే లేచి బయటికి వెళ్లేవాడు. బయట మాత్రం నన్ను ఎవరు తిట్టినా అడ్డుపడేవాడని వదినే చెప్పింది. ఎలాగూ తానే ఆఫీసులో చెప్పబోతున్నాడట, చెల్లె ఒక పూట ముందు చెప్పిందట, అందులో ఆమె తప్పేముందని అనేవాడట. ఆ మాట నాకు పెద్ద ఓదార్పయింది. తానే చెప్పేవాడైతే నేను చేసిందంతా ఒక పూట తొందరే గదా, అంతకన్నా ఏం కాదు గదా అని సర్దుకునేదాన్ని. తొమ్మిదో ఇంజన్ కొనలేదు. సీరియల్ ఎప్పుడు ఆగిపోయిందో కూడా చూసుకోలేదు.

తర్వాత నాకు భద్రాచలం అవతల ఒక ఊరికి బదిలీ అయింది. సామాను సర్దుకున్న రోజు, పిలవకుండానే అన్న పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. పెట్టెలకు తాళ్లు కట్టాడు, మంచం విప్పాడు, బియ్యం డబ్బా మోశాడు. పనంతా అయ్యాక లారీ కోసం చూస్తూ అరుగు మీద కూర్చున్నాం. అమ్మ లోపల ఖాళీ గదులు ఊడుస్తోంది. కూర్చున్నంతసేపూ అన్న తాళ్లు కట్టి ఒరుసుకుపోయిన తన చేతులే చూసుకుంటున్నాడు. నాలుగేళ్ల తర్వాత అన్న నాతో ఆడిన మొదటి మాట ఇది.

"నేనే చెప్తుంటి అని అందరికి చెప్పుకున్న. అబద్ధం చెల్లె. చెప్పకపోతుంటి. గట్లనే నడుపుకుంట పోతుంటి."

నేను ఏడ్చాను. అన్న లేచి, లారీ వస్తోందేమోనని రోడ్డు మీదికి వెళ్లాడు.