ఎర్రచుక్క దగ్గర ఆగి

ఈ ఉదయం ఆఫీసు వంటగదిలో ఎవరో శొంఠి టీ పెట్టారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే పద్మక్క గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్ద జర్మనీలో శొంఠి వాసనకు ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నేనేమో!

జిండెల్ఫింగెన్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో నేను చేరేనాటికి పద్మక్క మా టీమ్‌లో సీనియర్. ఆవిడది కాకినాడ, నాది కరీంనగర్. ప్రొబెత్సైట్ అని, మొదటి కొన్ని నెలలు మనల్ని పరీక్షిస్తారిక్కడ. అందులో తప్పితే ఉద్యోగం పోతుంది, దాని వెనకే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డూ పోతుంది. సరిగ్గా ఆ గడువు చివర్లో నా ప్రోగ్రామ్ మొరాయించింది. కారు తలుపు వేసి ఉన్నా తెరిచే ఉందని చూపిస్తోంది. కంగారులో అక్కడో లైను, ఇక్కడో లైను మార్చి నడిపిస్తున్నాను.

"అక్కా, ఏం సమజైతలేదు. ఇగ నన్ను పంపిస్తరు," అన్నాను.

ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ముందిది తాగు. ఎడాపెడా మార్చేస్తే ఎలాగమ్మా? పరిగెత్తేదాన్ని ఆపి చూడాలి." ఒక లైను పక్కన నొక్కితే ఎర్రచుక్క పడింది. ప్రోగ్రామ్ అక్కడికొచ్చి ఆగింది. ఆ క్షణాన ఏ విలువ ఎంతుందో తెర మీద కనిపించింది. డీబగ్గర్ అనే ఆ పనిముట్టు నాకు పేరుకు తెలుసు. దాన్నంత నింపాదిగా వాడడం అప్పుడే చూశాను.

"ఇప్పుడు చెప్పమ్మా, ఇక్కడేం జరుగుతోంది?"

ఇంగ్లీషులో అందుకున్నాను. ఆవిడ ఆపింది: "ఆ ముక్కలు నాకూ వచ్చులే. తెలుగులో చెప్పు, మీ అమ్మకి చెప్తున్నట్టు."

"తలుపు పడ్డదని సెన్సార్ చెప్తది. మనం దాన్ని..." అంటూ ఆగిపోయాను. "అయ్యో అక్కా! అది చెప్పకముందే చూస్తున్నం!"

"మరదే!" అని పకపకా నవ్వింది.

ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఏ చిక్కొచ్చినా ఎర్రచుక్క, శొంఠి టీ, "చెప్పమ్మా" అనే ఆ మాట. ఎదురు బల్ల దగ్గర కూర్చునే మార్టిన్ మమ్మల్ని చూసి నవ్వుకునేవాడు. కిందటి చలికాలం పద్మక్క జబ్బు చేసి పోయింది. నాకు సొంత అక్క లేదు. ఉన్నా ఇంతకంటే ఏడ్చేదాన్ని కాదు.

ఇవాళ మళ్ళీ ఒక ప్రోగ్రామ్ తెగక, పాత అలవాటుగా ఎడాపెడా మారుస్తున్నాను. ఎవరో కప్పు తెచ్చి నా ముందు పెట్టారు. శొంఠి టీ! తలెత్తితే మార్టిన్. పద్మక్క కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చుని, నోరు తిరగని యాసలో అన్నాడు: "చెప్పమ్మా."

అతనికి వచ్చిన తెలుగు ఆ ఒక్క మాటే. నేను ఎర్రచుక్క పెట్టి, మొదటి నుంచి అంతా తెలుగులోనే చెప్పాను.