దూప గాలె

బోధన్ దగ్గర చెరుకు పండించే ఆ అవ్వ, చేనుకు నీళ్లు పెట్టే ముందు పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికేది. ముద్ద విడిపోకుండా నిలిస్తే, "చేనుకింక దూప గాలె బిడ్డా" అని చేతులు దులుపుకొనేది.

తక్కువ నీటితో తియ్యటి చెరుకు ఎలా పండించాలో తేల్చడానికి ప్రభుత్వ సొమ్ముతో రెండు విశ్వవిద్యాలయాలు, కాలువ కింది రైతులు కలిసి చేస్తున్న పరిశోధనలో అవ్వ చేనూ ఒకటి. అందులో యంత్రంతో మట్టిలో తేమ కొలిచే ఉద్యోగం నాది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి కదా, మొదటి వారం ఫారంలో "రైతు ఇంకా ధూపం వేయలేదు" అని రాశాను! దూపంటే ఇక్కడ దాహమని చెప్పి ఆఫీసంతా పగలబడి నవ్వింది.

ఒకరోజు మా యంత్రం నీళ్లు పెట్టమంది, అవ్వ పెట్టనంది.

"చేను ఎండితే మాదా పూచీ?" అని పరిశోధన నడిపే మా పెద్దసారు కసిరారు.

"ఎండితే నా చెరుకే ఎండుతది సారూ. నీళ్లు కిందోళ్లకు పోనీయ్" అంటూ అవ్వ తూము మూసేసింది.

కోతలప్పుడు రసం తీపి కొలిచాం. అందరికన్నా రెండు తడులు తక్కువ పెట్టిన అవ్వ చెరుకే అన్నిటికన్నా తియ్యగా తేలింది. పెద్దసారు మీటరు తుడిచి మూడుసార్లు చూశారు. తీపి తగ్గలేదు. ఆయనే నివేదికలో కొత్త గడి గీయించి, పైన "దూప" అని రాయించారు.

ఆ కాగితం చదివి వినిపిస్తే అవ్వ మా తేమ యంత్రాన్ని జాలిగా నిమిరింది.

"మంచిదే బిడ్డా. గని పాపం, దీనికెన్నడన్న దూపైందా?"