దుంప పూత మీద మోగిన చరాంగో

ప్లాసిదో అలనోకా పదకొండు సినిమాలకు సంగీతం కట్టాడు. వాటిలో ఒక్కటీ పెద్ద హాల్లో వారం దాటి ఆడలేదు. రొట్టెలు కాల్చేవాళ్ల మీద ఒకటి, ఎండిపోయిన సరస్సు మీద ఒకటి, గాడిదల సంత మీద ఒకటి. అన్నీ ఉన్నది ఉన్నట్టు తీసే బాపతే. హీరో ఉండడు, కొట్లాట ఉండదు, చివర్లో పెళ్లీ ఉండదు.

"మనుషులు మాట్లాడుతుంటే వెనకాల సన్నగా మోగుతుందే, అదేనా నువ్వు చేసేది?" అని ఒకసారి పెద్దమ్మ సెనోబియా అడిగింది.

"అదే పెద్దమ్మా."

"అయితే వాళ్లు నోరు మూసుకుంటే నీ పని వినబడుతుందన్నమాట."

ప్లాసిదో నవ్వాడు. ఉన్న మాటే కదా.

లాపాజ్‌ను ఆనుకుని ఉన్న ఎల్ ఆల్తో పట్నంలో టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు మీద అతనికో గది ఉంది. గోడలకు పాత పరుపులు మేకులు కొట్టి బిగించాడు. పొద్దుట్నుంచీ కింద వ్యాన్ల వాళ్లు ఊళ్ల పేర్లు అరుస్తూనే ఉంటారు. వాళ్లు మధ్యాహ్నం తిండికి కూర్చునే గంటన్నర మాత్రం వీధి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ప్లాసిదో రికార్డింగు ఆ గంటన్నరలోనే. ఇరవై ఏళ్లుగా అతను మూడింటికి ముందు అన్నం ముట్టింది లేదు.

పని చేసే తీరు కూడా అతని సొంతమే. ముందు బొమ్మను శబ్దం లేకుండా నలభైసార్లు చూస్తాడు. ముఖాలు చూడడు, కాళ్లు చూస్తాడు. ముఖం అబద్ధం ఆడుతుందట, నడక ఆడదట. ఆ నడకకు మోకాలి మీద తాళం దొరికాకే వాయిద్యం చేతిలోకి తీసుకుంటాడు.

పన్నెండో సినిమా తీసింది ఎడిల్మా తికోనా. కలాపాతా ఊరి పిల్ల. సొంత ఊళ్లోనే రెండేళ్లు కెమెరా పట్టుకుని తిరిగి, బంగాళాదుంప విత్తడం దగ్గర్నుంచి, దాన్ని మంచుకు పెట్టి ఎండబెట్టి చూనో చెయ్యడం దాకా ఏడాదంతా తీసింది. తీసే ముందే ఊరి సభలో నిలబడి మాటిచ్చింది: సినిమా మొదట ఊరు చూడాలి, చూసి ముద్ర వెయ్యాలి, ముద్ర పడకపోతే సినిమా ఊరు దాటదు. ఆగస్టులో లాపాజ్‌లో జరిగే సినిమా పండగవాళ్లు దానికోసం కాచుకుని ఉన్నారు.

కలాపాతా ప్లాసిదో తల్లి పుట్టిన ఊరు, పెద్దమ్మ సెనోబియా ఇప్పటికీ ఉండేది అక్కడే. తల్లి పోయి ఆరేళ్లయింది. పదకొండు సినిమాలకు ఎవరెవరో మెచ్చుకున్నారు, కాగితాల్లో రాశారు. అతనికి కావలసింది అది కాదు. 'ఇది మనవాడు కట్టిన పాట' అని ఈ ఊరు అనాలి. అందుకే ఆరు నెలలు ఇంకో పని ఒప్పుకోలేదు.

జూన్ ఆఖర్లో ఒక ఆదివారం పొద్దున బడి గదిలో సినిమా వేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. డెబ్బై మంది పట్టే గదిలో నూట పది మంది దూరారు. మొదట్లో అంతా నవ్వులే. ఊరిపెద్ద మెలితోన్ తాత ఎద్దు వెనక పరిగెత్తుతూ టోపీ పోగొట్టుకున్న ముక్కను రెండుసార్లు వేయించుకున్నారు. తాత కూడా నవ్వాడు, కాస్త తక్కువగా.

తర్వాత తెర మీద ఫిబ్రవరి వచ్చింది. కొండవాలు నిండా ఊదారంగు దుంప పూత, గాలికి అలలా కదులుతోంది. దాని మీద చరాంగో, బుల్లి గిటారులాంటి వాయిద్యం. సన్న లోహపు తీగెలు, చినుకుల మీద ఎండ పడ్డట్టు మెరిసే మోత. మూడు వారాలు కూర్చుని కట్టిన ముక్క అది. ఇంతకంటే మంచిది ఇంతకుముందు కట్టలేదని అతని నమ్మకం.

గదిలో నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు శాలువాలు దగ్గరికి లాక్కున్నారు. సెనోబియా లేచి వెళ్లి సరిగ్గా వెలుతురుకు అడ్డంగా నిలబడింది. పూతంతా ఆవిడ లంగా మీద పడింది.

"ఆపండి దాన్ని. పూత మీదున్న చేలో చరాంగో వాయించిందెవర్రా?"

"నేనే పెద్దమ్మా."

"ఫిబ్రవరిలోనా?"

"లేదు, ఏప్రిల్లో. నా గదిలో వాయించాను."

"గదిలో వాయించింది గదిలో ఉంచుకోవాల్సింది. తెచ్చి మా పూత మీద ఎందుకు పెట్టావు?"

కలాపాతాలో నాలుగేళ్ల పిల్లకైనా తెలుసు. చరాంగో పొడి చలిది. అది మోగితే ఆకాశం తేటపడి మంచు దిగుతుంది. చూనో చేసే జూన్లో, అంటే అక్కడి చలికాలంలో, అది కావాలి. వాన కావలసినప్పుడు, నవంబరులో చనిపోయినవాళ్ల పండగ నుంచి ఫిబ్రవరిలో కార్నివాల్ సంబరాల దాకా, పింకిల్యు ఊదుతారు. లావుపాటి చెక్క పిల్లనగ్రోవి అది, తడి గొంతు. మబ్బుకు ఆ గొంతంటే ఇష్టం. పూత మీద చరాంగో అంటే పాలు తాగే బిడ్డను తీసుకెళ్లి మంచులో పడుకోబెట్టడమే.

"సినిమాయే కదా అత్తా," అంది ఎడిల్మా నెమ్మదిగా.

మెలితోన్ తాత గొంతు సవరించుకున్నాడు. "సినిమాలో పూత నిజందా, రంగేసిందా?"

"నిజందే తాతా."

"ఎవరి చేను?"

"నీదే."

"నా చేనుకు మంచు పిలిచారు. నన్నొక్క మాట అడిగారా?"

అందరూ నవ్వారు గానీ ముద్ర మాత్రం సంచిలోంచి బయటికి రాలేదు. ఆ ముక్క మార్చుకు రండి, అప్పుడు చూద్దాం అన్నారు.

ప్లాసిదో అప్పుడు ఇంకో తెలివితక్కువ మాట అన్నాడు. "అయితే రేపు మీరే పింకిల్యు ఊదండి, రికార్డు చేసుకుంటాను."

ఈసారి నవ్వు కూడా రాలేదు. సెనోబియా కిటికీ దుప్పటి ఒక కొస ఎత్తింది. "చూడు బాబూ. ఏం కనబడుతోంది?"

బయట వాలు మీద ఊరందరి దుంపలూ పరిచి ఉన్నాయి. రాత్రి మంచుకు గడ్డకట్టాలి, పగలు కాళ్లతో తొక్కి నీళ్లు పిండాలి, ఎండలో ఆరాలి. అలా చేసిన చూనో ఏళ్లకేళ్లు నిలవుంటుంది. ఇప్పుడు పింకిల్యు ఊది మబ్బును పిలిస్తే అంతా కుళ్లిపోతుంది. నవంబరు దాకా ఎవరూ దాన్ని నోట పెట్టరు. నవంబరు దాకా సినిమా పండగ ఆగదు.

ప్లాసిదో వెళ్లి బడి గోడ మీద కూర్చున్నాడు. కాసేపటికి సెనోబియా వేడి చారు గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. మంచి పెంకి మనిషి, తిట్టిన నోటితోనే చారు ఊది మరీ ఇచ్చింది.

"నీకు మీ అమ్మ చెప్పలేదా ఇదంతా?"

"చెప్పింది. ఆ పట్టింపు పండగలకేనేమో అనుకున్నాను."

"అది కాదురా. నువ్వెప్పుడూ వచ్చింది చలికాలం సెలవులకి. వచ్చినప్పుడల్లా చరాంగోయే విన్నావు. నీ చెవిలో మా ఊరంటే అదే. పూతప్పుడు ఒక్కసారైనా వచ్చావా?"

అతను లెక్క చూసుకున్నాడు. నలభై ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. కంప్యూటర్లో తప్ప చూడని పూవుకు మూడు వారాలు కూర్చుని పాట కట్టాడు.

"రాలేదు," అన్నాడు.

"ఒప్పుకున్నావుగా, తాగు. వానంటే ఎవరికీ బెంగలేని చోటికి పోయి ఊదితే సరి. కనుమ అవతల వెచ్చటి యుంగాస్ లోయలో మంచెక్కడిది, చూనో ఎక్కడిది? గురువారం లారీ వెళుతుంది."

సభ ఒప్పుకుంది, ఒక షరతు మీద. కనుమ దాటేదాకా పింకిల్యుల నోళ్లలో గుడ్డలు కుక్కి దుప్పట్లో చుట్టాలి. దారిలో గాలి దూరి తమంతట తామే మోగితే ఎవరిది పూచీ? ప్లాసిదో, ఎడిల్మాలతో పాటు, ఊదడానికి మెలితోన్ తాతతో కలిపి తొమ్మిది మంది ముసలివాళ్లు లారీ ఎక్కారు. దారిలో ఎవడైనా సరదాకి ఊది చూస్తాడేమోనని కాపలాకు సెనోబియా కూడా ఎక్కింది.

లోయలో ఎడిల్మా వదినకు నారింజ తోట ఉంది. పింకిల్యులను వాగులో నానబెట్టారు, చెక్క ఉబ్బితేనే గాలి కారదు. ఊదబోతుంటే వదిన చీపురుతో పరిగెత్తుకొచ్చింది.

"ఆగండాగండి. నా కోకా ఆకు ఆరుతోంది రాతి తిన్నె మీద. అది లోపలేసుకోనివ్వండి, తర్వాత మీ ఇష్టమొచ్చినంత వాన పిలుచుకోండి."

అందరూ కలిసి ఆకు ఎత్తారు. ఎడిల్మా కెమెరా పక్కన పెట్టి బుట్టలు మోసింది. ఆ తర్వాతే పాట.

ప్లాసిదో కొత్త వరస కట్టుకొచ్చాడు. మెలితోన్ తాత రెండుసార్లు ఊది ఆపేశాడు.

"ఈ మలుపు దగ్గర ఊపిరి అందదు. ఇది నువ్వు ఊదలేదు, రాశావంతే."

"రెండు తాళం దెబ్బలు తీసేస్తాను తాతా."

"మూడు తియ్యి. నేను ముసలాణ్ణి."

మూడు తీశాడు. తాత ఊపిరి ఎక్కడ ఆగితే పాట అక్కడ ఆగింది. చిన్న తెర మీద పూత కదులుతుంటే తొమ్మిది మందీ దానివైపే చూస్తూ ఊదారు. ఒక్కో పింకిల్యు పక్కదానికి వెంట్రుకవాసి తేడా, ఆ తేడాకే గాలి గిరగిర తిరిగినట్టుంది. ప్లాసిదో చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. పూత నడవదు, దానికి కాళ్లు లేవు. ఊపిరి ఉంది. ఇన్నాళ్లూ ఎక్కడ చూడాలో తెలియలేదు అతనికి.

మూడోసారి ఊదుతుండగా జల్లు మొదలైంది. సెనోబియా ఆకాశం వైపు చూసి, అతని వైపు చూసింది.

"ఇప్పుడేమంటావు?"

"మైకు తడుస్తోందంటాను."

కానీ ఆపలేదు. నారింజ ఆకుల మీద చినుకుల చప్పుడు పాటలోనే ఉంచేశాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మళ్లీ బడి గది, మళ్లీ దుప్పట్లు. పూత వచ్చింది. వెనక వరసలో ఒకావిడ, "హమ్మయ్య, ఇక ఊరుతుంది," అంది దుంప గురించి. సినిమా అయ్యాక మెలితోన్ తాత ముద్ర తీసి, ఆరిపోయిన సిరాకు రెండుసార్లు నోటి ఆవిరి పట్టించి కాగితం మీద గట్టిగా కొట్టాడు. ఎడిల్మా ఆ కాగితాన్ని రవికెలో దాచుకుంది. ఆడవాళ్లు బడి ముందు ముగ్గేసినట్టు గుడ్డలు పరిచి ఉడికిన దుంపలు, జున్ను, వేయించిన చిక్కుళ్లు కుమ్మరించారు.

అందరూ చేతులు పెట్టారు గానీ కళ్లు మాత్రం ఆకాశం మీదే. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. రాత్రి మంచు పల్చగా దిగింది, దుంప సగమే గట్టిపడింది. కనుమలో గుడ్డలు సరిగ్గా కుక్కలేదని ఒకరు, నువ్వే పింకిల్యులోకి దగ్గావని ఒకరు, లారీ వాళ్లు పోట్లాటకు దిగారు.

సెనోబియా చెయ్యి తుడుచుకుని లేచింది. "ఒరే ప్లాసిదో. సినిమా చివర చూనో తొక్కేటప్పుడు నీ చరాంగో వస్తుంది కదా. బాగుంది అది."

"ఆఁ పెద్దమ్మా." బాగుందన్న మాట ఆవిడ నోట వినడం అదే మొదలు.

"ఆ మోత పెట్టె బయటికి తీసుకురా. దుంపల వైపు తిప్పు."

నలుగురు పట్టి స్పీకరును మోశారు. పొద్దు వాలుతున్న కొండవాలు మీదికి ప్లాసిదో చరాంగో మోగింది. తినేవాళ్లు తిండి ఆపారు, పోట్లాడేవాళ్లు పోట్లాట ఆపారు. ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టుకుని అడుగులేశారు. పడమట మబ్బు అంచున కాస్త నీలం కనిపించింది.

"పెద్దమ్మా," అన్నాడు ప్లాసిదో మెల్లగా, "నా పాట మోగుతుంటే ఎవరూ మాట్లాడ్డం లేదు."

"నువ్వూ మాట్లాడకు," అంది సెనోబియా. "పని జరుగుతోంది. ఇంకొంచెం గట్టిగా పెట్టు."