పార్థసారథి గారు మెట్రో ఎక్కారా?

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. మా ఇంటి పై వాటాలో కిరాయికుండే పార్థసారథి గారు మారథాన్ మొత్తం పరుగెత్తలేదట. మధ్యలో మెట్రో ఎక్కి, చల్లగా ఏసీలో కూర్చుని వెళ్ళి, చివర్లో దిగి మెడలో పతకం వేయించుకున్నారట. పాల బూత్ దగ్గర విన్నాను, కూరగాయల బండి దగ్గర విన్నాను, ఆఖరికి మా మనవరాలు వర్షిత కూడా బడి నుంచి ఇదే మోసుకొచ్చింది. ఇది తప్పు. ఆ రోజు గచ్చిబౌలిలో ఉన్నదాన్ని నేను, కాబట్టి చెప్పే హక్కు నాకుంది. నాకు తెలియని ముక్క ఒక్కటే మిగిలింది, అది ఆయన్నే అడిగాను.

ముందు ఆయనెవరో చెప్పాలి. తెనాలి వైపు మనిషి. నీటిపారుదల ఆఫీసులో చేసి రిటైరయ్యారు. వయసు అరవై ఒకటి. భార్య నాగేశ్వరి, ఒక్కతే కూతురు రసజ్ఞ. ఆ పిల్లకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పదకొండేళ్ళుగా మూసాపేటలో మా ఇంటి మీదే ఉంటున్నారు. వాళ్ళింట్లో ఏ రోజు ఏ పోపు వేశారో మెట్ల మీద నిలబడితే చాలు, నాకు తెలిసిపోతుంది.

రిటైరైన నెలకే ఆయనకి షుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. ఈయన మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. మొదటి వారం పది స్తంభాలు, మరుసటి నెల అరవై. ఎదురింటి కుర్రాడు లోహిత్ అది చూసి, తన పరుగు జట్టులో చేర్చుకున్నాడు. మొదటిసారి ఆయన నిక్కరు వేసుకుని మెట్లు దిగుతుంటే నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. చేతిలో పిండి అక్కడే ఆగిపోయింది.

"ఏంది సారూ, ప్యాంటు మర్చిపోయి వచ్చిండ్రా?"

"పరుగుకి ఇదేనండీ యూనిఫారం," అని తల దించుకుని వెళ్ళిపోయారు.

ఏడాది తిరిగేసరికి మారథాన్‌లో పేరు ఇచ్చారు. నలభై రెండు కిలోమీటర్లు, ఏడు గంటల్లో ముగించాలి. బాగా వెనకబడిన వాళ్ళను ఎక్కించుకోవడానికి అందరికంటే వెనక ఒక బస్సు వస్తుంది. ఆ మొదటి ప్రయత్నంలో, అంటే పోయినేడు, ఆయన ముప్పై మూడో కిలోమీటరు దగ్గర ఆ బస్సెక్కారు. ఇక మా వీధి ఊరుకుంటుందా? ఓంకార్ అని మా పక్కింటివాడు, రాయదుర్గంలో ఒక ఐటీ బిల్డింగుకి సెక్యూరిటీ, ఆయన కనబడినప్పుడల్లా "సారూ, ఈసారి బస్సుల చేతిరుమాలు ముందే ఏసి పెట్టాల్నా?" అని అడిగేవాడు. ఆయన నవ్వేసేవారు. కానీ నాగేశ్వరి నాతో చెప్పింది, "ఆ బస్సులో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు పిన్నిగారూ. ఇంకొక్కసారి చూస్తారట. ఈసారీ కాకపోతే బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తానంటున్నారు" అని.

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆయన ఎంత పరుగెత్తారో మా వీధి కుక్కలనడగాలి. మొదట్లో వెంటపడి మొరిగేవి, తర్వాత తోక ఊపుకుంటూ సందు చివరిదాకా సాగనంపేవి.

పోయిన ఆదివారం పొద్దున అయిదింటికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగు మొదలైంది. గచ్చిబౌలి స్టేడియంలో ముగింపు. ఆయన ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు నాగేశ్వరి జేబులో మెట్రో కార్డు కుక్కింది. "కళ్ళు తిరిగితే పట్టుదలకి పోకండి. మెట్రో ఎక్కి ఇంటికొచ్చేయండి." ఆయన ముఖం చిట్లించుకున్నారు గానీ కార్డు మాత్రం తీసేయలేదు.

తొమ్మిదింటికల్లా మేం ముగ్గురం స్టేడియం దగ్గరున్నాం. నాగేశ్వరి ఒళ్ళో పులిహోర డబ్బా, రసజ్ఞ చేతిలో ఫోను. ఆ ఫోనులో ఆయన ఎక్కడున్నారో చూపించే నీలం చుక్క ఒకటి. చీమ పాకినట్టు పాకుతోంది. తొమ్మిదీ నలభైకి రాయదుర్గం దగ్గర ఆగిపోయింది. అప్పటికి ముప్పై ఒకటో కిలోమీటరు.

"నీళ్ళు తాగుతున్నారేమోలే," అంది నాగేశ్వరి.

"నీళ్ళు కాదమ్మా. నాన్న మెట్రో స్టేషన్‌లోకి వెళ్ళాడు."

నాగేశ్వరి ముఖం వాడిపోయింది. చేతిసంచి గబగబా తడుముకుంది. "అయ్యో, ఇంటికెళ్ళిపోతున్నారే! తాళంచెవి నా దగ్గరుందే!"

నాకు నవ్వాగలేదు. "జర ఆగు బిడ్డా. మొగుడు ఆగిపోయిండని పరేషానా, తాళంచెవి గురించి పరేషానా?"

"రెండూనండీ!"

ఇక ముగ్గురం ఆ చుక్క మీద తలలు పెట్టి కూర్చున్నాం. ఐదు నిమిషాలు. పది. పదిహేను. రసజ్ఞ ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. పులిహోర ఎవరికీ గుర్తు రాలేదు. పది గంటలవుతుండగా చుక్క స్టేషన్లోంచి జారి, మళ్ళీ రోడ్డు మీద ఎక్కడ ఆగిందో అక్కడికే వచ్చి నిలబడింది. తర్వాత మెల్లగా గచ్చిబౌలి వైపు కదిలింది. రసజ్ఞ ఎగిరి గంతేసింది. పక్కనున్న వాళ్ళెవరో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు.

పదకొండూ యాభైకి అక్కడ టెంట్లు విప్పడం మొదలుపెట్టారు. గేటు మీద పెద్ద గడియారం ఎర్ర అంకెలతో పరుగెడుతోంది. మూడు నిమిషాలు గడిచాక మలుపులో ఆయన కనబడ్డారు. ఒంటి మీద చొక్కా ఉప్పు తేలి తెల్లగా ఉంది, కుడికాలు ఈడుస్తున్నారు. నేను బారికేడు పట్టుకుని నా గొంతంతా విప్పి అరిచాను.

"సారూ! ఉరుకుండ్రి! బస్సు ఎనకనే వస్తున్నది!"

ఉరికారు. నిజంగా ఉరికారు. ఏడు గంటలకి ఇంకా అయిదు నిమిషాలుండగానే గీత దాటారు. ఒక అమ్మాయి మెడలో పతకం వేసింది. నాగేశ్వరి ఏడుస్తూనే ఆయన నోట్లో పులిహోర ముద్ద పెట్టింది. ఆయన నములుతూ, "ఉప్పు కొంచెం తక్కువైందే," అన్నారు. అదీ ఆయన మొదటి మాట.

సాయంత్రానికి వీధి వాట్సాప్ గ్రూపులో ఓంకార్ పెట్టిన ఫొటో పడింది. రాయదుర్గంలో నిలబడ్డ మెట్రో బోగీలో, గుండె మీద నంబరు కాగితంతో, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ పార్థసారథి గారు! కింద రాత: "నలభై రెండు కిలోమీటర్లు, వయా అమీర్‌పేట."

నేను ఓంకార్ ఇంటికి పోయి గుమ్మంలోనే పట్టుకున్నాను. "నీకు అక్కడేం పనిరా?"

"నైట్ డ్యూటీ అమ్మమ్మా. రిలీవర్ లేటుగ వచ్చిండు. పక్క బోగీల ఉన్న, సారు ఎక్కుడు నా కండ్లతోని చూసిన."

"దిగుడు చూసినవా?"

"ఫొటో తీసినంక ఫోన్ల తలపెట్టిన, మళ్ళ చూడలే."

"ఒరేయ్, మెట్రో రాయదుర్గం కాడికే ఆఖరు. ఆడికెళ్ళి రైలు అమీర్‌పేట దిక్కు పోతది. గచ్చిబౌలి దిక్కు పట్టాలు నువ్వేమన్న ఏసినవా?"

వాడు తల గోక్కున్నాడు. రసజ్ఞ వచ్చి ఫోనులో చుక్క నడిచిన దారి అంతా చూపించింది. దారిలో పరిచిన చాపలు ఉంటాయట, వాటి మీద కాలు పెడితే ఆ టైము కంప్యూటర్లో పడుతుందట. రాయదుర్గానికి ముందు చాప మీదా పడింది, తర్వాత చాప మీదా పడింది. ఓంకార్ ఫొటో తీసేశాడు, పైకి వెళ్ళి సారుకి దండం కూడా పెట్టి వచ్చాడు. కానీ ఫొటో పోయినంత తేలిగ్గా మాట పోదు కదా.

పోనీ ఆయనైనా నోరు విప్పి చెప్పొచ్చుగా? ఎవరడిగినా చిన్నగా నవ్వి మెట్లెక్కిపోతారు. నాగేశ్వరి అడిగితే "గాలి కోసం" అన్నారట. స్టేషన్లో గాలేమిటి, రోడ్డంతా గాలేగా! నాలుగు రోజులు ఓపిక పట్టాను. నాకది చాలా ఎక్కువ. అయిదో రోజు పైకి వెళ్ళాను. ఆయన వరండాలో వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

"సారూ, ఓంకార్ సంగతి నేను చూసుకున్న. ఇగ నాకొక్కదానికి నిజం చెప్పుండ్రి. రైలు ఎక్కిండ్రా, లేదా? ఎక్కితే మళ్ళెందుకు దిగిండ్రు?"

ఆయన లోపలికి తొంగి చూశారు. నాగేశ్వరి మిక్సీ తిప్పుతోంది. గొంతు తగ్గించారు.

"ఎక్కానండీ. ఇక నావల్ల కాదని, ఇంటికెళ్ళిపోదామనే ఎక్కాను. ఎక్కానని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. ఎందుకు దిగానో చెబితేనే నవ్వుతారు. లోపల మా రసజ్ఞ ఈడు పిల్ల ఒకతె నన్ను చూసీ చూడగానే లేచి, 'తాతగారూ, ఇలా కూర్చోండి' అంది. ముప్పై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మనిషినండీ నేను! తలుపులు మూస్తున్నామని మైకులో చెబుతుండగానే బయటికి దూకేశాను. ప్లాట్‌ఫారం మీద కాసేపు ఊపిరి పీల్చుకుని, మెట్లు దిగి, ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. ఆ కోపమే నన్ను గచ్చిబౌలి దాకా లాక్కొచ్చింది. అయినా తాతగారేమిటండీ, రుక్కమ్మగారూ? ముందురోజేగా జుట్టుకి రంగు వేసుకున్నాను!"