పదిహేడుంపావు కిలోల గాలి

ఆ పార్సిల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా తూకం బల్ల దగ్గర కూర్చునే మనిషిని అందరూ కొలతల మావయ్య అంటారు. ఆయనకు అక్కాచెల్లెళ్లు లేరు, మేనకోడళ్లు లేరు, అయినా ఊరందరికీ మావయ్యే. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "సరైన సైజు దొరకలేదు" అనేవాడు. ఆ జోకుకు ఆయన తప్ప ఎవరూ నవ్వేవారు కాదు. అయినా మానలేదు.

ఆయన చేతుల్లో ఒక విద్య ఉంది. పెట్టెను కాటా మీద పెట్టేముందు రెండు చేతులా ఎత్తి, కళ్లు మూసుకుని, బరువు చెప్పేస్తాడు. తర్వాత కాటా కూడా అదే చెబుతుంది. కాటాకు ఆయన చేతులు చూసే ధైర్యం వస్తుందని ఆఫీసులో అనుకునేవారు.

చేతుల విద్య కంటే ఆయనకు గాలి మీద కోపం ఎక్కువ. పార్సిల్‌కు ఒక న్యాయం ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదువేలతో భాగిస్తే వచ్చేది సైజు బరువు. కాటా చెప్పేది అసలు బరువు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. రెండు కిలోల దిండ్లను పెద్ద పెట్టెలో పెట్టి తెచ్చినవాడు పదిహేను కిలోల ధర కట్టి, తిట్టుకుంటూ పోతాడు. బండిలో చోటంతా ఆక్రమించుకున్నాక బరువు లేదంటే ఎవరు వింటారు? మావయ్యకు ఇది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. "గాలికి డబ్బు కట్టకండమ్మా" అంటూ కట్టరు తీసి, పెట్టె అంచులు కోసి, మడిచి, వస్తువుకు అతుక్కునేలా చిన్నది చేసి ఇచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మావయ్యా? వాళ్ల డబ్బు, వాళ్ల గాలి" అనేవాడు బండికి సరుకెక్కించే హమాలీ.

మావయ్య వినలేదు. వింటే ఈ కథే ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ముప్పై దాటి ఉండదు. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్లయిందో. చేతిలో మడత పెట్టిన చిన్న గౌను, పసుపు రంగుది. బల్ల ముందు నిలబడి వింత ప్రశ్న అడిగింది.

"బాబాయ్ గారూ, పదిహేడుంపావు కిలోలు రావాలంటే ఎంత పెట్టె కావాలి?"

"సరుకెంతుందమ్మా?"

"ఇదొక్కటే." గౌను చూపించింది.

"దీనికి చిన్న కవరు చాలు కదమ్మా. కిలో ధర కూడా పడదు."

"కవరొద్దండీ. పదిహేడుంపావు రావాలి."

మనసు బాగాలేని మనిషి అనుకున్నాడు. ఎందుకని అడక్కుండా లెక్క వేశాడు. అరవై, నలభై, ముప్పై ఆరు. పదిహేడు మీద ఇరవై ఎనిమిది పాయింట్లు. గోడ పక్కనున్న దొంతరలో సరిగ్గా ఆ సైజు పెట్టె దొరికింది. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, మూత తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు అందులోకి వంగి ఏదో మాట్లాడింది. తర్వాత గౌను అడుగున పరిచి, మూత మూసి, తనే టేపు వేసింది. డబ్బు కట్టింది. చిరునామాలో దూరాన ఉన్న ఓడరేవు ఊరి పేరు, ఒక మగమనిషి పేరు ఉన్నాయి.

వెళ్తూ గుమ్మంలో ఆగి, "పెట్టె మార్చకండి బాబాయ్ గారూ" అంది.

మావయ్య తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది?

సాయంత్రం బండి వచ్చేలోగా ఆ పెట్టె ఆయన కళ్లకు అడ్డం పడుతూనే ఉంది. అంత పెట్టెలో అంత గౌను! పాపం, ఏ బాధలో ఉందో, తెలియక తగలేసుకుంది. తగ్గించి పంపి, మిగిలిన డబ్బు కవర్లో పెట్టి ఉంచితే రేపు మనసు కుదుటపడ్డాక దండం పెడుతుంది అనుకున్నాడు. కట్టరుతో టేపు చీల్చాడు. లోపల్నుంచి సబ్బు వాసన, దాని వెంట చల్లటి గాలి వచ్చాయి. బల్ల మీది రసీదులు రెపరెపలాడి ఆగిపోయాయి. ఫ్యాను ఆపేసి ఉంది.

పెట్టెను కోసి, మడిచి, అరచేతి మందం చేసి గౌను పెట్టి పంపేశాడు. మంచికి పోతే చెడెదురవుతుందని ఆయనకు అప్పుడు తెలియదు.

మర్నాడు పొద్దున కాటా స్విచ్ వేస్తే సున్నా రాలేదు. 17.28 అని వచ్చింది. పైన ఏమీ లేదు.

గుడ్డతో తుడిచాడు. 17.28. సున్నా చేసే బొత్తాం నొక్కితే ఒక్క క్షణం సున్నా చూపించి, ఎవరో మెల్లగా ఎక్కి నిలబడ్డట్టు అంకెలు మళ్లీ పైకి పాకాయి. పన్నెండు, పదిహేను, పదిహేడు. మెకానిక్ వచ్చి కాటా విప్పి, బిగించి, ఐదు కిలోల గుండు పెట్టి చూశాడు. 22.28 వచ్చింది.

"కాటాకేం రోగం లేదు మావయ్యా. దాని మీద పదిహేడు కిలోలు ఉన్నాయి, అంతే" అని నవ్వాడు. నవ్వి, పళ్లెం మీద చేయి పెట్టి, చటుక్కున తీసేసుకున్నాడు. ఫీజు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

మావయ్య కూడా చేయి పెట్టి చూశాడు. ఇనుప పళ్లెం చల్లగా ఉంది, మధ్యలో తప్ప. మధ్యలో రెండు చిన్న పాదాలంత మేర వెచ్చగా ఉంది.

పైకి మేకపోతు గాంభీర్యం చూపించాడు. ఆ రోజంతా ప్రతి పార్సిల్ తూకంలోంచి పదిహేడూ ఇరవై ఎనిమిదీ మనసులోనే తీసేస్తూ రసీదులు రాశాడు. భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది, అది ఎవరితోనూ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తూ కాటా వైపు చూసి "తింటావా?" అన్నాడు.

రెండో రోజు 15.10. మూడో రోజు 12.64. దిగుతోంది. మొదట పీడ విరగడవుతోందని సంతోషించాడు. నాలుగో రోజు తొమ్మిదికి వచ్చేసరికి సంతోషం పోయింది. చేయి పెడితే వెచ్చదనం కూడా తగ్గింది. ఏదో కరిగిపోతోందని, దానికి తనే కారణమని తెలుస్తోంది. ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఆవిడకు ఫోను చెయ్యడానికి రసీదు మీది నంబరు తీశాడు, పెట్టేశాడు. ఏమని చెబుతాడు?

ఆరో రోజు ఆవిడే వచ్చింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "మా ఆయన ఫోన్ చేశాడు" అంది. "ఇంత తేలిగ్గా ఉందేంటి అని ఏడ్చాడు. మీరేం చేశారు?"

"పెట్టె తగ్గించానమ్మా" అన్నాడు మావయ్య. "మిగిలిన డబ్బు..."

"డబ్బెవరికి కావాలి?" ఆవిడ గొంతు పెరగలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "మా పాప పోయి నెలైంది బాబాయ్ గారూ. ఆయన అప్పుడు ఓడలో ఉన్నాడు, రాలేకపోయాడు. ఒక్కసారి ఎత్తుకుంటే చాలంటున్నాడు. డాక్టరు దగ్గర చివరిసారి తూచినప్పుడు పదిహేడుంపావు. మీ లెక్కలో గాలికి కూడా బరువు కడతారని మా పక్కింటాయన చెప్పాడు. అందుకే అంత పెట్టె అడిగాను. పాపకి నచ్చజెప్పి ఎక్కించాను. ఇప్పుడు రేవులో దిగాడు, మూడు రోజుల్లో మళ్లీ ఓడ ఎక్కేస్తాడు."

మావయ్య కాటాను ఆవిడ వైపు తిప్పాడు. 5.90 అని ఉంది. ఆవిడ చూస్తుండగానే 5.88 అయింది.

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

దొంతరలో ఆ సైజు పెట్టె ఇంకొకటి లేదు. ఇరవై ఆరేళ్లుగా పెట్టెలు కోసిన మనిషి ఆ రోజు మొదటిసారి పెట్టెను పెంచాడు. రెండు పెట్టెలు విప్పి, అంచు మీద అంచు వేసి, టేపుతో అతికాడు. కొలిచాడు. అరవై, నలభై, ముప్పై ఐదున్నర. విప్పేసి మళ్లీ అతికాడు. మూడోసారికి ముప్పై ఆరు వచ్చింది. తెచ్చి కాటా పక్కనే తెరిచి పెట్టాడు.

ఆవిడ ఖాళీ పళ్లెం ముందు వంగింది. "అమ్మలూ, తప్పైపోయింది, తాతగారికి తెలీదు. నాన్న దగ్గరికి వెళ్దువుగాని, దిగు. చీకటిగా ఉంటుంది, భయపడకు. కళ్లు మూసుకుంటే అయిపోతుంది."

5.86 దగ్గర అంకె ఆగింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా సున్నా అయింది. కొత్త పెట్టె మూత రెక్క ఒకటి కొద్దిగా ఊగింది.

టేపు వేసి కాటా మీద పెట్టారు. 0.90. అట్ట బరువు మాత్రమే.

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. మావయ్య పెట్టెను రెండు చేతులా ఎత్తి, కళ్లు మూసుకున్నాడు. చేతులకు కూడా ఏమీ తెలియలేదు. తొమ్మిది వందల గ్రాములు, అంతే. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, "పంపుదామమ్మా" అని మాత్రం అన్నాడు. డబ్బు తనే కట్టాడు. బండి వచ్చాక హమాలీని ముట్టుకోనివ్వకుండా తనే మోసుకెళ్లి ఎక్కించాడు.

"గాలే కదా మావయ్యా, ఇలా విసిరేస్తే పోలా?" అన్నాడు హమాలీ.

"విసిరితే నీ చెయ్యి విరగ్గొడతా" అన్నాడు మావయ్య. ఆయన నోట అలాంటి మాట ఆఫీసులో ఎవరూ వినలేదు.

ఆ తర్వాత కాటా రోజూ సున్నా చూపించింది. పాప చేరిందో, మధ్య దారిలో పూర్తిగా కరిగిపోయిందో ఆయనకు తెలియలేదు. అన్నం సయించలేదు. పెట్టెలు కోయడం మానేశాడు.

ఐదో రోజు ఓడరేవు ఆఫీసు నుంచి తూకంలో తేడా వచ్చిందని కాగితం వచ్చింది. అక్కడ ప్రతి పార్సిల్‌నూ ఇచ్చేముందు మళ్లీ తూస్తారు. హమాలీ పైకి చదివాడు. "పంపిన చోట రాసిన అసలు బరువు 0.90. ఇక్కడ తూకంలో 18.18. సైజు బరువు కంటే ఎక్కువ ఉన్నందున తేడా మీ ఆఫీసు కట్టవలెను. తూకం వేసే సమయానికి పార్సిల్ తీసుకునే మనిషి పెట్టె మీద చెయ్యి వేసి ఉన్నాడు, తియ్యమని చెప్పాం, తీశాక కూడా బరువు మారలేదు."

మావయ్య అలవాటు కొద్దీ పద్దెనిమిదిలోంచి అట్ట బరువు తీసేశాడు. కాగితం అందుకుని, కళ్లద్దాలు తీసి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు.

"ఖాళీ పెట్టె పద్దెనిమిది కిలోలేంటి మావయ్యా, వాళ్ల కాటా పాడైపోయినట్టుంది. ఫిర్యాదు రాద్దామా?" అన్నాడు హమాలీ కంగారుగా.

మావయ్య తల ఎత్తకుండానే జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

"వద్దురా. వాళ్లు సరిగ్గానే తూచారు."