ఏడు కోర్సులూ ఒక్కసారే

2023. నిజామాబాద్‌లో ఒక హోటల్ పై అంతస్తున కొత్తగా తెరిచిన ఖరీదైన రెస్టారెంట్. అక్కడి వంటగదిలో తెలంగాణ వంటలు నా వంతు. అంతకుముందు నలభై ఏళ్లు పెళ్లిళ్లకు వండాను. ఒక్క బంతిలో పదివేల మందికి పెట్టాను. ఒక్కరూ సగం కడుపుతో లేవలేదు.

అక్కడ పెట్టేది ‘టేస్టింగ్ మెనూ’. అంటే ఏడు కోర్సులు, ఏడు చిన్న పళ్లేలు, ఒకటి తిన్నాకే మరొకటి. మనిషికి రెండున్నర వేలు. ఆ ధర గుర్తొస్తే ఉప్పు రెండుసార్లు చూసేవాణ్ని.

ఒక మధ్యాహ్నం బోధన్ దగ్గరి చెరకు రైతు గంగారాం తన అక్క సాయవ్వను తీసుకొచ్చాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. అందరికీ వడ్డించి చివర తినే మనిషిని ఒక్కసారైనా కూర్చోబెట్టి పెట్టించాలని వచ్చానని వెయిటర్‌తో అన్నాడట. అది విన్నాక నా కాళ్లు ఒకచోట ఆగలేదు. ఆమె అర్ధాకలితో వెళ్తే అతని మొహం ఎలా చూడను?

మొదటి కోర్సు వెళ్లింది. అరచేతిలో సగమంత జొన్నరొట్టె, పైన పచ్చి పసుపు తొక్కు. పది నిమిషాలు. పావుగంట. ముట్టలేదు. ఏదో మాట్లాడుకుంటున్నారు; నా వంట గురించే అనుకున్నాను. పొయ్యి దగ్గరికీ తలుపు అద్దం దగ్గరికీ తిరుగుతున్నాను. మటన్ గట్టిపడుతోంది. పళ్లెం ఖాళీ కానిదే రెండోది పంపనంటాడు చెఫ్.

అప్పుడు తట్టింది. మా బంతుల్లో విస్తరిలో అన్నీ వడ్డించి, ఇంటి పెద్ద ‘కానీయుండ్రి’ అన్నాకే ముద్ద ఎత్తుతారు. వీళ్లు మిగతావాటి కోసం చూస్తున్నారు!

చెఫ్ వద్దంటున్నా వినకుండా మిగిలిన ఆరూ పెద్ద పళ్లేల్లో సర్ది నేనే తీసుకెళ్లాను. “కానీయుండ్రి అక్కా” అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తిన్నారు. పావుగంటలో లేచారు. సాయవ్వ కళ్లనీళ్లతో నన్ను దీవించింది.

లేదు, దీవించలేదు. చేయి కడుక్కుని వెళ్లిపోయింది. ఆ పదివేల బంతి కూడా ఎనిమిది వందలే. అందులోనూ మటన్ అయిపోయి, నేను లారీ చాటున దాక్కున్నాను.

తినేవాళ్ల అలవాటు తెలిసిన వంటవాడు లేకపోతే ఎంత ఖరీదైన భోజనమూ దండగేనని ఆ రోజు నేర్చుకున్నాను. ఈ మాటే మొన్న బోధన్‌లో ఒక పెళ్లిలో నలుగురికీ చెబుతుంటే, పక్కనే కూర్చున్న సాయవ్వ విన్నది.

“ఒక్కొక్కటి తెస్తరని మా తమ్ముడు బస్సులనే చెప్పిండు. గట్ల తెచ్చుడు చూద్దామనే వచ్చిన. ఆ రొట్టె ముద్దుగుండె, సూస్కుంట చిన్ననాటి ముచ్చట్లు పెట్టుకున్నం. వాడు గన్ని పైసలు పెట్టింది నిమ్మళంగ కూసునేటందుకు. నువ్వు అన్నీ ఒక్కపారే ముంగట పెడితివి, పెండ్లిల తిన్నట్టు తిని లేస్తిమి. తొందర మాకు లేకుండె తమ్మీ, నీకుండె.”