పైక్ ఫాల్స్‌లో పడిన ఒకే ఒక్క ఓటు

పైక్ ఫాల్స్ ఊరు పుట్టాక అక్కడినుంచి గవర్నరు పదవికి నిలబడ్డ మొనగాడు ఒక్కడే. పేరు ఆరిన్ పింక్‌హామ్. స్కూలు బస్సు తోలేవాడు. ఎందుకు నిలబడ్డావయ్యా అంటే వంతెన కోసం అనేవాడు. నోటి దురద తీర్చుకోవడానికని ఊళ్ళోవాళ్ళు అనేవాళ్ళు. రెండింట్లోనూ అబద్ధం లేదు.

వంతెన సంగతి ముందు చెప్పాలి. ఊరు ఏటికి రెండు పక్కలా ఉంది. ఒక ఏడు మంచు కరిగే రోజుల్లో గోడలంతేసి గడ్డలు విరిగి కొట్టుకొచ్చి పాత చెక్క వంతెనను ఊడ్చుకుపోయాయి. అప్పటినుంచి ఎన్నికలొచ్చినప్పుడల్లా రెండు పార్టీలవాళ్ళూ టోపీలు పెట్టుకుని ఏటి ఒడ్డుకొచ్చేవాళ్ళు. అటు చూసి, ఇటు చూసి, కొలతలు తీసుకుని, ఊళ్ళోవాళ్ళు పెట్టిన యాపిల్ పై అనే తీపిరొట్టె తిని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు తీసిన కొలతలతో ఈపాటికి సముద్రం మీద కూడా వంతెన పడాలి. ఏటి మీద మాత్రం పడలేదు.

అవతలి ఒడ్డు పిల్లల్ని బడికి తేవాలంటే ఆరిన్ ఎక్కడో దిగువనున్న టౌను దాకా పోయి, అక్కడ ఏరు దాటి, మళ్ళీ పైకి రావాలి. బస్సులోనే పిల్లలు ఓ నిద్ర తీసేవాళ్ళు. అది పిల్లల బాధ. ఆరిన్ ఇంటి బాధ వేరే ఉంది. ఆయన భార్య ఆర్డెల్‌కి ఒక్కగానొక్క అక్క వెర్నా. మొగుడు పోయాక అవతలి ఒడ్డున ఒంటరిగా ఉండేది. రెండిళ్ళూ ఏటికి అటూ ఇటూ ఎదురెదురు. వెర్నా తెల్లవారగానే తీగమీద ఎర్ర దుప్పటి ఆరేసేది. ఆరేస్తే బాగున్నట్టు. ఒక చలికాలం దుప్పటి కనపడలేదు. ఆరిన్ మంచులో చుట్టు తిరిగి వెళ్ళేసరికి వెర్నా వంటింటి నేలమీద తుంటి విరిగి పడి ఉంది. పడ్డది ముందురోజు. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు, కుంటుతూనే ఉండిపోయింది. ఆనాటినుంచి ఎర్ర దుప్పటి చూసేదాకా ఆర్డెల్ కాఫీ కూడా ముట్టేది కాదు. అక్క ఈసారి పడితే తాను సమయానికి అందలేనని ఆమె భయం.

ఇక నోటి దురద సంగతి. ఎల్వుడ్ కొట్టులో పొయ్యి చుట్టూ చేరే జనం ముందు ఆరిన్ రోజూ రెండు పార్టీలనూ ఉతికి ఆరేసేవాడు. ఓ సాయంత్రం ఎల్వుడ్ జున్ను కోస్తున్నవాడల్లా కత్తి ఆపాడు.

"ఒరే ఆరిన్, ఏడాది పొడుగునా ఇదే పాటేంట్రా? అంత తెలిసినవాడివి, నువ్వే నిలబడొచ్చుగా?"

"నిలబడితే ఓట్లు మీ తాత వేస్తాడా?"

"మేం వేస్తాం. ఊరు ఊరంతా వేస్తాం. ఈ పొయ్యి మీద ఒట్టు!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా పొయ్యి వైపు చేతులు చాపారు. చలికి చాపారో, ఒట్టుకు చాపారో ఆరిన్ ఆలోచించలేదు. ఆ పొంగులోనే ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు.

"గవర్నరువా?" అంది ఆర్డెల్ బంగాళాదుంపల తొక్క తీస్తూ. "నీ మేజోళ్ళు ఎక్కడున్నాయో నీకు తెలీదు. రాష్ట్రాన్ని ఏం వెతుకుతావయ్యా?"

"గెలిస్తే మొదటి రోజే వంతెన మీద సంతకం పెడతానే."

ఆమె చేతిలో కత్తి ఆగింది. "నిజంగానా?"

"నిజంగా."

"అయితే నిలబడు," అంది. అప్పటిదాకా ఆయన వేళాకోళంగానే ఉన్నాడు. ఆ మాటతో వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది.

ఏ పార్టీ లేకుండా పోటీ చేయాలంటే సంతకాలు కావాలన్నారు. పైక్ ఫాల్స్ సంతకాలకు ఎన్నడూ వెనకాడింది లేదు. అడిగినవాడూ, అడగనివాడూ పెట్టాడు. ఆరిన్ తన పాత ట్రక్కుకు రెండు వైపులా చెక్కలు కొట్టి 'వంతెన అంటే పింక్‌హామ్' అని ఎర్ర రంగుతో రాసుకున్నాడు. రంగు పందుల కొట్టానికి వేయగా మిగిలింది. బస్సు పని లేనప్పుడల్లా ఊళ్ళమీద పడ్డాడు. శనివారం సాయంత్రాలు ఏ ఊళ్ళో చూసినా చర్చి నేలమాళిగలో బీన్సు విందు ఉంటుంది కదా, అదే ఆయన సభ. రెండు మూడు చోట్ల తిండి అయ్యాక లేచి మాట్లాడితే కుర్చీలే మిగిలాయి. దాంతో కిటుకు పట్టేశాడు. బీన్సు అయ్యాక, యాపిల్ పై పళ్ళేలు బయటికి రాకముందు లేవాలి. పై తినకుండా లేచే ప్రాణి ఆ రాష్ట్రంలో పుట్టలేదు, ఎంతసేపైనా వింటారు.

అలా ఎగువనున్న వెస్ట్ డన్‌హామ్‌లో ఎర్ర దుప్పటి కథ చెప్పాడు. ఆ ఊరిదీ ఇదే గోడు. ఏరు దాటాలంటే తెప్పే గతి, మంచుకాలంలో అదీ లేదు. ముందు బెంచీలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. యాపిల్ పై వచ్చింది, ఎవరూ దానివంక చూడలేదు. అదే కథ పైక్ ఫాల్స్‌లో చెప్పబోతే "విన్నాంలేరా, కూర్చో" అన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదు. మనవాడు ఇంటిని ఎల్వుడ్ పొయ్యికి అప్పజెప్పి రచ్చ గెలవడానికి పోయాడు.

పూర్వం ఎన్నికలు సెప్టెంబరులో జరిగేవి. వాటిని నవంబరుకు జరిపిన మహానుభావుడెవరో గాని జన్మలో తుపాకీ పట్టి ఉండడు. నవంబరంటే జింకల వేట. ఆ ఏడు సరిగ్గా ఓట్లనాడే తెల్లారేసరికి తొలి మంచు పడింది. మెత్తగా, గాలి లేకుండా, అడుగు వేస్తే అచ్చు దిగే మంచు. అలాంటి ఉదయం ఇంట్లో ఉన్నాడంటే వాడు జబ్బుమనిషైనా కావాలి, పాస్టరైనా కావాలి. పాస్టరు చీకటితోనే తుపాకీతో వెళ్ళిపోయాడు.

ఆర్డెల్ ఓట్లనాటి విందు వండడానికి చర్చికి పోయింది. పక్క భవనంలోనే పోలింగు. పదింటికి తలుపులు తీస్తారు. ఆరిన్ పెళ్ళినాటి సూటు తొడుక్కుని, టై బిగించుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కట్టెల కొట్టం పక్కన మంచులో జింక అడుగుజాడ ఉంది. అరచేయంత వెడల్పు. 'పదింటిదాకా ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటానా' అనుకున్నాడు. టై ఊడింది. సూటు ఊడింది. కాబోయే గవర్నరు గళ్ళ కోటు వేసుకుని తుపాకీ పట్టుకుని అడవిలోకి నడిచాడు.

పదయింది. జాడ ఇంకా తాజాగా ఉంది. మధ్యాహ్నమయింది. 'ఒక్క నా ఓటుకు ఏమొచ్చిందిలే, ఊరంతా ఒట్టేసింది కదా' అనుకున్నాడు. పొద్దు వాలే వేళకు కొమ్ముల జింకపోతు ఎట్టకేలకు కనిపించింది, అదీ ఏట్లో ఈదుతూ. ఆయన తుపాకీ ఎత్తేలోగా అవతలి ఒడ్డెక్కి, ఒళ్ళు దులుపుకుని, ఆయన్ని ఓసారి చూసి చెట్లలోకి పోయింది. ఆరిన్ నిలబడింది పాత వంతెన మొండి దుంగల దగ్గర.

"ఛీ, వంతెన ఉంటేనా!" అని అరిచాడు.

వినడానికి ఎవరూ లేరు. ఎదురుగా వెర్నా ఇల్లు. దీపం లేదు, గొట్టంలో పొగ లేదు. మళ్ళీ పడలేదు కదా అనుకున్నాడు. పొద్దున ఎర్ర దుప్పటి ఆర్డెల్ చూసే వెళ్ళింది కదా, పెద్దమనిషి పెందలాడే పడుకుని ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. చుట్టు తిరిగి వెళ్ళి చూడాలంటే కాళ్ళలో సత్తువ లేదు.

ఆయన ఊళ్ళోకి చేరేసరికి పోలింగు తలుపులు మూసి లెక్క పెడుతున్నారు. ఊరి గుమాస్తా హాలిస్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పాత పార్టీకి గుట్ట. రెండో పార్టీకి గుప్పెడు. తర్వాత కాస్త గొంతు సవరించుకున్నాడు.

"పింక్‌హామ్. ఒకటి."

జరిగింది చిన్న విషయమే. వేటగాళ్ళు అడవిలో ఉండిపోయారు. వచ్చినవాళ్ళు వంతెన తలుచుకుంటూనే వచ్చారు పాపం, పెన్సిలు పట్టుకోగానే తాతలనాటినుంచి అలవాటైన గడిలో చెయ్యి దానంతటదే గీత గీసేసింది.

మర్నాటి నుంచి మొదలయింది అసలు వేడుక. ఎల్వుడ్ కొట్టు బయటికొచ్చి ఆరిన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ ఒక్కటీ నాదేరా. మాటంటే మాటే."

పాస్టరు చాటుగా చెయ్యి నొక్కి, "ఆ ఓటు నాది నాయనా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. వారం తిరిగేసరికి ఆ ఒక్క ఓటూ సగం ఊరు వేసింది. 'అబద్ధాలకోరుల్లారా' అని అరవాలని ఆరిన్‌కి గొంతుదాకా వచ్చేది. అరిస్తే 'మరి నీ ఓటేదిరా' అంటారు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో హాలిస్‌కి తెలుసు. చెప్పనని ప్రమాణం చేసిన మనిషి, చెప్పడు. ఎదురైనప్పుడల్లా నవ్వుతాడు, అంతే. ఆరిన్ తేలు కుట్టిన దొంగలా అందరికీ థాంక్స్ చెప్పుకుంటూ తిరిగాడు.

ఇంట్లో ఇంకో తమాషా.

"ఆ ఓటు నీదేనే ఆర్డెల్, నాకు తెలుసు," అన్నాడు ఓ రాత్రి భోంచేస్తూ.

"అబ్బే, నీదేనయ్యా. అలా అనుకుంటేనే బాగుంది," అంది ఆమె పళ్ళెంలోకి చూస్తూ.

"కాదు కాదు, నీదే."

ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంత మర్యాదగా మాట్లాడుకున్నది అదే మొదలు.

ఇలా ఉండగా రాజధానిలో పెద్దలు లెక్కలు చూసుకున్నారు. వెస్ట్ డన్‌హామ్‌లో రెండు పార్టీలకూ కలిపి పడ్డవాటికంటే ఆ బస్సు డ్రైవరుకి ఎక్కువ పడ్డాయి. వాళ్ళకు చెమటలు పట్టాయి. పైక్ ఫాల్స్ వంక చూశారు. బంగారం లాంటి ఊరు, ఎప్పటిలాగే ఏ బెంగా పెట్టలేదు. ఎండాకాలం రాగానే ఇనుప దూలాలేసుకుని లారీలు పైక్ ఫాల్స్ మీదుగానే వెస్ట్ డన్‌హామ్‌కి పోయాయి. డ్రైవర్లు ఎల్వుడ్ కొట్టు ముందు ఆగి దారి అడిగారు.

ఎల్వుడ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఇదెక్కడి అన్యాయంరా ఆరిన్! పుట్టినప్పటినుంచీ మొన్నటిదాకా వాళ్ళకే వేశామే! మనకు కదరా వంతెన ఇవ్వాల్సింది!"

"మొన్న ఎవరికి వేశావన్నావు?" అన్నాడు ఆరిన్.

ఎల్వుడ్ జున్ను కోయడానికి లోపలికి పోయాడు.

ఆకులు ఎర్రబడే వేళకు ఎగువన వంతెన తెరిచారు. ఆ వారమే వెర్నా కబురు పెట్టింది, ట్రక్కు తీసుకుని రమ్మని. మొగుడూ పెళ్ళాం కొత్త వంతెన మీదుగా వెళ్ళారు. తీరా చూస్తే వెర్నా సామాన్లు మూటగట్టి పెట్టుకుని ఉంది. ఇల్లు బేరం అయిపోయింది.

"మా ఇంటికి వచ్చేస్తున్నావా అక్కా!" అంటూ ఆర్డెల్ కావలించుకోబోయింది.

"లేదే. వెస్ట్ డన్‌హామ్‌లో చిన్న ఇల్లు చూసుకున్నా."

"అదేంటే! వాళ్ళ మొహాలైనా ఎరుగుదువా? సొంత చెల్లెల్ని, నేను లేనా?"

"ఎరగను. కానీ వాళ్ళు ఓటేస్తారు."

"మేం వేయలేదా ఏంటి!"

"పడింది ఒక్కటే కదే, ఆర్డెల్."

"అది ఈయనదే," అంది ఆర్డెల్. "అది ఆవిడదే," అన్నాడు ఆరిన్. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఒకరివంక ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా దాచుకున్నది ఇద్దరి మొహాల్లోనూ ఒక్క క్షణంలో బయటపడిపోయింది.

వెర్నా మెల్లగా మూటమీద కూర్చుంది.

"అది నాదర్రా," అంది. "దుంగల లారీవాణ్ణి బతిమాలుకుని చుట్టు తిరిగొచ్చా, ఈ కాలేసుకుని. వేసి బయటికొచ్చి చర్చి కిటికీలోంచి నిన్ను చూశానే, బీన్సు కలుపుతున్నావు. పిలుద్దామనుకునేలోగా వాడు హారన్ కొట్టాడు. తిరిగెళ్తూ దారంతా లెక్కేసుకున్నా. నాదొకటి, నా చెల్లెలిదొకటి, ఆరిన్‌దొకటి. మూడు ఖాయం అనుకున్నా."

"బీన్సు అడుగంటుతాయని..." అంది ఆర్డెల్. "మళ్ళీ వెళ్దాంలే అనుకున్నానక్కా. పది అడుగులే కదా అనుకున్నా." కొంగు లేని మనిషి, వంటగుడ్డ కోసం చూసుకుని కోటు చేతితోనే కళ్ళు ఒత్తుకుంది.

"నువ్వు?" అంది వెర్నా ఆరిన్‌తో.

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఏటి ఒడ్డున ఉన్నా. జింక వెంట. నీ ఇంట్లో దీపం లేకపోతే నిద్రపోయావనుకున్నా."

"పడిపోయాననుకోలేదా?"

నలుగురిలో గంటలకొద్దీ మాట్లాడి యాపిల్ పై చల్లారబెట్టిన మనిషికి ఒక్క మాట దొరకలేదు.

"పొయ్యి ముందు ఎక్కించు," అంది వెర్నా లేస్తూ. "బరువు, జాగ్రత్త."

ఆరిన్ పొయ్యి ఎక్కించాడు, మంచం ఎక్కించాడు. ఎర్ర దుప్పటి అడ్డంగా పరిచి సామానంతా తాడేసి కట్టాడు. ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. వంతెన దగ్గర వెస్ట్ డన్‌హామ్ జనం ట్రక్కుమీద వెలిసిపోయిన పింక్‌హామ్ పేరు చూసి గుర్తుపట్టి చేతులూపారు. వాళ్ళ ముఖాలు చూడలేక ఆరిన్ రోడ్డువంక చూస్తూ బండి పోనిచ్చాడు.